ఒడిశా సరిహద్దు బడుల్లో బి.ఎడ్. ఛాత్రోపాధ్యాయులకు తోడ్పడే విధానం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల బడులకు టీచింగ్ ప్రాక్టీస్ కోసం వచ్చే బి.ఎడ్. విద్యార్థుల్లో, అంటే ఛాత్రోపాధ్యాయుల్లో, తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ఉంటారు. కొందరు మొదటినుంచీ ఒడియా మాధ్యమంలో చదివినవారు. మరికొందరు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఒడియాలో పాఠం చెప్పవలసినవారు. ఇద్దరి అవసరాలూ ఒకటి కావు. వారిని పంపే కళాశాల అధ్యాపకులూ, చేర్చుకునే బడిలోని గైడు ఉపాధ్యాయులూ ఈ తేడాను ముందే గుర్తిస్తే సగం ఇబ్బందులు తలెత్తవు.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బి.ఎడ్.లో బడి ఇంటర్న్‌షిప్ కనీసం 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. కోర్సు మొత్తానికి 80 శాతం హాజరు చాలినా ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలి. వారానికి ఆరు పనిదినాల చొప్పున 16 వారాలకు 96 రోజులనుకుంటే, తొమ్మిది రోజులకు మించి మానడానికి వీల్లేదన్న లెక్కను మొదటిరోజే విద్యార్థి చేత రాయించాలి. ఇచ్ఛాపురం అవతల బంధువుల పెళ్లిళ్లన్నీ ఆ నెలల్లోనే వస్తాయి కనుక ఈ మాట కాస్త గట్టిగానే చెప్పడం మంచిది. దసరా సెలవులు, ఫిబ్రవరి-మార్చి నెలల్లో జరిగే పదో తరగతి బోర్డు పరీక్షలు, ఎండాకాలపు ఒంటిపూట బడులు చూసుకుని తేదీలు వేయాలి. బోర్డు పరీక్షల ముందు పదో తరగతిని కొత్తవారికి అప్పగించడానికి ఏ ప్రధానోపాధ్యాయుడూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు కూడా.

బడిని కేటాయించే ముందు విద్యార్థి భాషను పరీక్షించాలి. మాట్లాడటం వచ్చినంత మాత్రాన పాఠం చెప్పడం రాదు. బరంపురం బజారులో ధారాళంగా ఒడియా మాట్లాడే తెలుగు యువకుడు నల్లబల్ల మీద ఒడియా అంకెలతో లెక్క వేయవలసి వచ్చేసరికి తడబడవచ్చు, ఎందుకంటే తెలుగు మాధ్యమంలో అతను ఆ అంకెలతో లెక్కలు చేసి ఉండడు. కాబట్టి రెండు వారాల ముందే తాను చెప్పబోయే పాఠాలలోని పారిభాషిక పదాలను ఒడియా పాఠ్యపుస్తకం నుంచి ఎత్తి రాసుకోమనాలి, బోర్డు మీద రాసే అభ్యాసం కళాశాలలోనే చేయించాలి. గజపతి, రాయగడ జిల్లాల్లో సమస్య ఇంకో మెట్టు పైకి వెళ్తుంది: ఎదురుగా కూర్చున్న పిల్లల ఇంటి భాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు; సవర, కుయి, కువి వంటి గిరిజన భాష కావచ్చు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో గిడుగు వేంకట రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు రాశారు. నాలుగు నెలల ఛాత్రోపాధ్యాయుడి నుంచి అంత ఆశించలేము గాని, పిల్లల పేర్లు సరిగా పలకడం, రోజువారీ మాటలు ఇరవై ముప్పై నేర్చుకోవడం, తెలిసిన పిల్లవాడి చేత తక్కినవారికి వివరింపజేయడం అతనికి అసాధ్యమేమీ కాదు.

మొదటి వారం పరిశీలనకే కేటాయించాలి. ఊరికే వెనక కూర్చోమంటే విద్యార్థి సెల్‌ఫోన్ చూసుకుంటాడు. రోజుకు ఒక్క విషయం చూసి రమ్మనాలి. ఒక రోజు, ఉపాధ్యాయుడు ఎవరెవరిని ప్రశ్న అడిగాడు. మరో రోజు, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగాడు. ఇంకో రోజు, చివరి బల్లలోని పిల్లలు నోట్సులో ఏం రాశారు.

కళాశాలలో చేసిన మైక్రో టీచింగ్ (చిన్న పాఠం చెప్పి, లోపాలు విని, సరిదిద్దుకుని మళ్లీ చెప్పే అభ్యాసం) ఒక చక్రం 36 నిమిషాలే, అందులో బోధన విడతకు ఆరు నిమిషాలు, వినేవారు పిల్లల్లా నటించే తోటి విద్యార్థులు. అక్కడి నుంచి ఒక్కసారిగా నలభై యాభైమంది నిజమైన పిల్లల ముందు పూర్తి పీరియడుకు నెట్టడం అన్యాయం. గైడు ఉపాధ్యాయుడు తన పీరియడులోనే మొదట పది పదిహేను నిమిషాలు అప్పగించి, తరువాత సగం పీరియడు, ఆ పైన మొత్తం ఇవ్వాలి.

అసలైన శిక్షణ జరిగేది పాఠం తరువాతి సంభాషణలో. దీన్ని ఏ బడీ టైం టేబుల్లో పెట్టదు కనుక గైడు ఉపాధ్యాయులైన మీరే పెట్టుకోవాలి: ఆ రోజే, వేరే ఎవరూ లేని చోట, పావుగంట. పాఠం జరుగుతుండగా వెనక కూర్చుని ‘బాగుంది’, ‘బాగాలేదు’ అని కాకుండా జరిగింది జరిగినట్టు రాయండి. ‘మొదటి ప్రశ్న పన్నెండో నిమిషంలో అడిగారు, జవాబు చెప్పిన అయిదుగురూ ముందు బల్లవారే’ అన్న ఒక్క వాక్యం నాలుగు పేజీల సలహాలకంటే ఎక్కువ నేర్పుతుంది. కూర్చోగానే మీరు మాట్లాడకండి. ‘ఎక్కడ పిల్లలు మీ చేయి జారిపోయారనిపించింది?’ అని అడిగి వినండి. చాలాసార్లు అతనికే తెలిసి ఉంటుంది. ఆ తరువాత మీరు రాసింది చూపించి, రేపటి పాఠంలో మార్చవలసిన ఒకే ఒక్క అంశాన్ని ఇద్దరూ కలిసి నిర్ణయించండి. తరగతిలో తప్పు చెబితే అక్కడికక్కడే గద్దించి సరిదిద్దే అలవాటు మన బడుల్లో బలంగా ఉంది; దానివల్ల ఆ రోజునుంచి పిల్లలు అతన్ని మాస్టారుగా లెక్కచేయరు. విషయం ఘోరంగా తప్పుగా వెళ్తున్నప్పుడు మాత్రం ‘సార్, నాదొక సందేహం’ అంటూ లేచి సర్దవచ్చు.

రికార్డుల గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. బజారులో కొన్న చార్టులతో, సీనియర్ల దగ్గర నకలు చేసిన పాఠ్యపథకాలతో మెరిసే రికార్డుకు మంచి మార్కులు వేసినంతకాలం విద్యార్థులు రాత్రంతా రంగులే పూస్తారు. పాఠం అయ్యాక పథకం పక్కన ఎర్ర సిరాతో ‘ఇది సాగలేదు, ఎందుకంటే’ అని రాసినవారికి మార్కులు ఇవ్వండి.

ఖాళీ పోస్టు ఉన్న చోట ఛాత్రోపాధ్యాయుణ్ణి రోజంతా తరగతుల్లోకి పంపడం, మధ్యాహ్న భోజనం లెక్కలు అప్పగించడం జరుగుతూనే ఉంటుంది. రోజుకు ఎన్ని పీరియడ్లో కళాశాల ముందే బడికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ నిషేధించిందని, బెత్తం చేతికందించేవారు సీనియర్లైనా తీసుకోకూడదని వారికి స్పష్టంగా చెప్పాలి. ఆఖరి బస్సు ఎన్నింటికో, అద్దె గది ఎక్కడ దొరుకుతుందో కూడా కళాశాల బాధ్యతే. అమ్మాయిల విషయంలో దీన్ని బడి కేటాయింపుకు ముందే చూడాలి.

మూడు వారాలైనా తరగతిని నిలబెట్టలేనివారు కొందరుంటారు. వెంటనే కళాశాలకు ఫిర్యాదు రాయకుండా, వారం రోజులు మీరు సగం, అతను సగం పంచుకుని చెప్పండి.

చివరి వారంలో భవిష్యత్తు గురించి ఒకసారి మాట్లాడాలి. 2023 ఆగస్టు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ పోస్టులకు బి.ఎడ్. అర్హత కాదు కాబట్టి, ఒడిశా ఉపాధ్యాయ అర్హత పరీక్ష (ఒటెట్)లో వారికి పనికివచ్చేది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సంబంధించిన రెండో పేపరు. అది 150 మార్కులకు ఉంటుంది. మొదటి భాషగా తెలుగును ఎంచుకోవచ్చు. అయితే ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలి కనుక తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఒడియాకు సంబంధించిన ధ్రువపత్రం తమ దగ్గర ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి. హాజరు పట్టిక, మూల్యాంకన పత్రాల మీద ప్రధానోపాధ్యాయుడి సంతకం, బడి ముద్ర చివరి రోజునే వేయించి పంపండి.