దూర విమానాశ్రయాల మధ్య దూరాన్ని, ప్రయాణ సమయాన్ని లెక్కగట్టడం ఎలా?

రెండు విమానాశ్రయాల మధ్య ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో తెలియాలంటే ముందు దూరం తెలియాలి. ప్రపంచపటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే ఆ దూరం రాదు. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల, గ్లోబు మీద ఆ రెండు చోట్ల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టుకుంటే అది ఏ దారిన సాగుతుందో అదే అతి దగ్గరి దారి. దీనిని మహావృత్త మార్గం అంటారు. లండన్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లే విమానాలు ఉత్తరాన గ్రీన్‌లాండ్ వైపుగా పోవడానికి కారణం ఇదే.

లెక్కకు రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు కావాలి. నగరానివి కాక విమానాశ్రయానివే తీసుకోవాలి, ఎందుకంటే లండన్ వంటి నగరానికి విమానాశ్రయాలు అనేకం ఉన్నాయి. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించి ఒకచోట రాసుకోవాలి. ఆ అక్షాంశాల కొసైన్ విలువలను, రేఖాంశాల తేడాకు వచ్చే కొసైన్ విలువను గుణించి, ముందు రాసుకున్న దానికి కలపాలి. భూకేంద్రం వద్ద ఆ రెండు చోట్ల మధ్య ఏర్పడే కోణానికి కొసైన్ ఈ మొత్తమే. ఆ కోణాన్ని డిగ్రీలలో కనుగొని 111.2తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. దక్షిణ అక్షాంశాలకు, పశ్చిమ రేఖాంశాలకు రుణ గుర్తు పెట్టడం మరువకూడదు. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. లండన్ హీత్రూ (51.47, -0.45), న్యూయార్క్ జేఎఫ్‌కే (40.64, -73.78) విలువలతో చేస్తే కోణం 49.83 డిగ్రీలు, దూరం సుమారు 5,540 కిలోమీటర్లు వస్తాయి.

దూరం ఎటు నుంచి ఎటైనా ఒక్కటే. సమయం మాత్రం అలా కాదు. పెద్ద జెట్ విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది, కానీ అది ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. ఆ గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లు అనుకుంటే, దూరాన్ని ఎదురుగాలిలో వెళ్లే న్యూయార్క్‌కు 800తో, గాలివాటున వెళ్లే లండన్‌కు 1,000తో భాగించాలి: మొదటిది 6 గంటల 55 నిమిషాలు, రెండవది 5 గంటల 32 నిమిషాలు. విమానం రన్‌వే దాకా నేల మీద వెళ్లడానికి, ఎత్తుకు ఎగబాకడానికి, దిగడానికి మరో 40 నిమిషాలైనా కలపాలి. గాలి మరీ బలంగా ఉన్న 2020 ఫిబ్రవరిలో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటల లోపే చేరింది.

మహావృత్త మార్గంలో ఎగరడానికి అనుమతి ఉందో లేదో కూడా చూడాలి. 2022లో రష్యా గగనతలం యూరప్ విమానసంస్థలకు మూతపడ్డాక, హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం 13 గంటల దాకా సాగింది.

టికెట్ మీద ఉండేవి ఆయా చోట్ల స్థానిక సమయాలు కనుక, వాటిని నేరుగా తీసివేస్తే ప్రయాణ సమయం రాదు. న్యూయార్క్‌లో రాత్రి 9కి బయలుదేరి లండన్‌లో ఉదయం 9కి దిగితే కనిపించే 12 గంటల నుంచి 5 గంటల తేడాను తీసివేయాలి, అంటే ప్రయాణం 7 గంటలు. అమెరికా గడియారాలు మార్చి రెండవ ఆదివారం, బ్రిటన్ గడియారాలు చివరి ఆదివారం ముందుకు జరుగుతాయి కనుక, ఆ మధ్య రోజుల్లో తీసివేయవలసినది 4 గంటలే.