విషాద నాటకం చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఈడిపస్‌ది తప్పా, కాదా?

ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ‘ఈడిపస్ రాజు’ నాటకాన్ని గుడ్డి జ్ఞాని టైరీసియస్ వెళ్లిపోయే దాకా చదివి, ఈడిపస్ ఎలాంటివాడో ఒక్క వాక్యంలో రాయమని పోయిన పాఠంలో అడిగాను. ‘మంచి రాజు’ అని రాశారా, ‘అహంకారి’ అని రాశారా? ఏది రాసినా కొట్టేయకండి. దాని కిందే రెండో మాట కూడా రాయండి. ఆ రెండింటినీ ఒకే మనిషిలో పట్టుకుని చదవడమే ఈ రోజు పని.

ముందు ఒక పదం సంగతి. విషాద నాయకుడు మరీ పుణ్యాత్ముడూ కాకూడదు, దుర్మార్గుడూ కాకూడదు, ‘హమార్షియా’ వల్ల పతనం కావాలి అంటాడు అరిస్టాటిల్, కావ్యశాస్త్రం 13వ అధ్యాయంలో. దీన్ని ‘స్వభావ లోపం’ అనుకుని చాలామంది నాటకమంతా ఆ లోపం కోసమే వెతుకుతారు. ఆ గ్రీకు మాటకు మూలం గురి తప్పడం. గురి తప్పినంత మాత్రాన ఎవరూ చెడ్డవాళ్లు కారు. కానీ బాణం వదిలింది మాత్రం వాళ్లే.

ఈడిపస్ పట్టుదలే చూడండి. స్ఫింక్స్ అనే రాక్షసి వేసిన పొడుపుకథ విప్పి, తర్వాత తను ఏలిన నగరం థీబ్స్‌ను కాపాడింది అదే. పాత రాజు లాయస్‌ను చంపిందెవరో చెప్పలేనని మొత్తుకుంటున్న టైరీసియస్ మీద విరుచుకుపడిందీ అదే. మొదటిచోట గుణమనీ రెండోచోట లోపమనీ రాసుకుంటే మనిషి రెండు ముక్కలైపోతాడు.

ఇక నన్ను ఏళ్లుగా వదలని చోటు. పాత రాజు లాయస్‌ను మూడు దారులు కలిసేచోట దొంగలు చంపారని ఈడిపస్ భార్య జొకాస్టా చెబుతుంది, భర్తకు ధైర్యం ఇద్దామని. ఈడిపస్ గుండె జారిపోతుంది. అలాంటి చోటే తనను దారిలోంచి నెట్టేసి, ముల్లుకర్రతో తల మీద కొట్టిన ముసలాయన్ని అతను చంపాడు. అదీ, తండ్రిని చంపుతావని డెల్ఫీ గుడిలో జోస్యం విన్నాక! తన కన్నవాళ్లెవరో అడగడానికి వెళ్తే, దానికి జవాబు దొరక్కుండానే తిరిగొచ్చినవాడు, తండ్రి వయసు మనిషి మీద చెయ్యెత్తాడు. ఆ క్షణంలో అతనికి ఏం గుర్తుందో నాటకం చెప్పదు.

హంతకుడు తను కాదనుకోవడానికి మిగిలిన ఆశ ఒక్కటే: ఆ దాడిలో బతికి బయటపడ్డ లాయస్ సేవకుడు ‘దొంగలు’ అన్నాడు, ఒక్కడని అనలేదు. ఒక్కడు పలువురు కాలేడు కదా అని ఈడిపస్ అతన్ని పిలిపిస్తాడు. తీరా అతను వచ్చాక ఆ ప్రశ్న ఎవరూ అడగరు! మాట అప్పటికే ఈడిపస్ పుట్టుక మీదికి మళ్లింది. ఇది రచయిత మరుపని నేను అనుకోను. తప్పించుకోవడానికి పిలిపించిన సాక్షినే, లాయసే తన కన్నతండ్రన్న, తనను ముంచే నిజం చెప్పమని ఒత్తిడి చేస్తాడు. ఇది ధైర్యమా, మొండితనమా? మీ కాగితం మీద రెండూ రాయండి, మధ్యలో ‘లేదా’ పెట్టకుండా.

అభ్యాసం: కళ్లు పొడుచుకున్నాక ఈడిపస్ చెప్పే మాటలు తీయండి. ఈ బాధలు తెచ్చింది అపోలో దేవుడు, కళ్లను పొడిచిన చెయ్యి మాత్రం నాదే అంటాడు. పైకి మూడుసార్లు చదవండి. మొదటిసారి అపోలో మీద, రెండోసారి చెయ్యి మీద ఒత్తి పలకండి. మూడోసారి రెండింటికీ సమానంగా బరువివ్వండి. అప్పుడు గొంతు ఎక్కడ తడబడుతుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. వచ్చే పాఠం ఆ గీత దగ్గరే మొదలుపెడదాం.