ద్రవ ఈస్ట్‌ను ముందే తీసి దాచుకోండి

ఇంట్లో నాలుగైదు లీటర్ల చొప్పున బీరు చేసుకొనేవారు ద్రవ ఈస్ట్ కొనేటప్పుడు రకం కంటే ముందు తయారీ తేదీని చూడాలి, ఎందుకంటే ఫ్రిజ్‌లో ఉంచినా అందులోని సజీవ కణాలు నెలనెలా తగ్గిపోతూనే ఉంటాయి. సాధారణంగా ఒక ప్యాకెట్ సుమారు 19 లీటర్లకు ఉద్దేశించినది కనుక, చిన్న విడతలో అంతా పోసేయడం నా దృష్టిలో దుబారాయే.

పులియడం ముగిశాక అడుగున మిగిలే మడ్డిని దాచడం తెలిసిన పద్ధతే అయినా, అందులో హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) తుక్కూ మృతకణాలూ కలిసి ఉంటాయి. ఆల్కహాల్ ఎక్కువున్న బీరు మడ్డిలోనైతే ఈస్ట్ బాగా అలసిపోయి ఉంటుంది. అందుచేత నేను స్టార్టర్‌నే, అంటే బీరులో కలిపేముందు ఈస్ట్‌ను పెంచే తీపి ద్రవాన్నే, కాస్త ఎక్కువగా చేసి, బీరులో కలపకముందే కొంత తీసి పెడతాను. లీటరు నీటిలో 100 గ్రాముల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ సారం) కలిపి 10 నిమిషాలు మరిగించి, గది వేడిమికి చల్లారాక ఈస్ట్ వేసి, శుభ్రమైన అల్యూమినియం రేకును వదులుగా కప్పి, అప్పుడప్పుడు కుదుపుతూ ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు.

అందులో పావు వంతును క్రిమిరహితం చేసిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే, అడుగున మీగడ రంగు పొర పేరుకొని, పైన తేటగా లేత గోధుమరంగు ద్రవం నిలుస్తుంది. లోపల వాయువు పుడుతుంది కనుక మూత గట్టిగా బిగించకూడదు. ఈ జాగ్రత్త మరచి ఒకసారి ఫ్రిజ్ అంతా కడుక్కున్నాను. మళ్లీ వాడేటప్పుడు పైతేటను వాసన చూడండి: తాజా రొట్టె వాసన వస్తే అడుగున ఉన్న ఈస్ట్‌తో కొత్త స్టార్టర్ చేయవచ్చు, పుల్లగానో కాలిన రబ్బరులాగానో ఉంటే పారబోయాలి.