ఎండాకాలంలో పెరట్లో కోళ్ళూ సీతాకోకచిలుకలూ రెండూ ఉండాలంటే

మాకు నెల్లూరు జిల్లా పొదలకూరు పక్కన ఎకరంన్నర నిమ్మతోట, ఇంటెనక పాతిక దాకా నాటుకోళ్ళు, ఉన్నదంతా అంతే. ఎండలు ముదిరితే కోళ్ళని ఎట్టా కాపాడుకోవాలా అని అందరూ అడుగుతారు, సీతాకోకచిలుకల గురించి ఎవరూ అడగరు. కానీ చూస్తా ఉంటే రెండిటికీ కావాల్సింది ఒకటే, నీడ, కాస్త తడి. చిక్కల్లా ఎక్కడంటే కోడికి గొంగళిపురుగు కనపడితే చాలు వదలదు. కాబట్టి తడి ఇద్దరికీ ఒకటే పెట్టి మధ్యలో వల అడ్డం కట్టాలి, పనంతా ఇదే.

ముందు కోళ్ళ సంగతి. కోడికి చెమట పట్టదు, దాని ఒళ్ళు మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటది, బయట 42, 43 కొడితే ఇంక వేడి పోయే పెద్ద దారి నోరే, అందుకే రెక్కలు ఎడంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతా నిలబడతాయి. అట్టా కనపడిందంటే అప్పటికే లేటు. గూడు రేకులదైతే పైన మందంగా వరిగడ్డో తాటాకో పరిచి మధ్యాన్నం రెండు మూడు సార్లు నీళ్ళు కొట్టండి, కొట్టేది కప్పు మీద, గూట్లో నేల మీద కాదు. నేల తడిస్తే పెంట కుళ్ళి ఘాటు లేస్తది, కోడిపిల్లలకి రక్త విరేచనాలు పట్టుకుంటాయి. మా నాన్న గోనెసంచులు తడిపి నాలుగు పక్కలా బిగించేవాడు, గాలాడక లోపల ఉడికిపోయేది, నేనిప్పుడు పడమటి పక్క ఒక్కటే కడతన్నా.

నీళ్ళు ప్లాస్టిక్ డబ్బాల్లో వద్దు, మట్టి మూకుళ్ళలో పెట్టండి, అదీ నీడలో, రెండు మూడు చోట్ల, ఎందుకంటే ఒక్క చోటే పెడితే పుంజు కాపలా కాసి చిన్నవాటిని దగ్గరికి రానీదు. మామూలు రోజులకి రెట్టింపు తాగుతాయి, పొద్దున పోసింది పదకొండింటికి వేడినీళ్ళు అయిపోద్ది కాబట్టి మార్చాలి. మేత తెల్లారుజామున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి. పది నుంచి నాలుగు దాకా ఏమీ వేయొద్దు, మేత అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడతది. రొప్పడం ఎక్కువైతే గుడ్డు పెంకు పల్చబడతది, అందుకని నత్తగుల్లలు దంచి ఓ చిప్పలో పక్కన పెట్టండి, కావాల్సినప్పుడు అవే తింటాయి.

ఏదన్నా కోడి వడదెబ్బకి కూలబడితే నీడలోకి తెచ్చి కాళ్ళు, రెక్కల కింద మామూలు నీళ్ళతో తడపండి, ఐసు నీళ్ళు పోయొద్దు. తేరుకుని తల ఎత్తాక చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం కలిపిన నీళ్ళు పెట్టండి, అది తనంతట తాగాలి, గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. పొదగడానికి పెట్టే గుడ్లు తడి ఇసక పోసిన కుండలో దాచండి, ఈ వేడికి బయట పెడితే పెట్ట కూర్చోకముందే గుడ్డు లోపల పిల్ల ఎదగడం మొదలై సగంలో చచ్చిపోద్ది. కొక్కెర తెగులు (రాణిఖెత్) టీకా ఎండలు ముదరకముందే వేయించేయండి, మందు ఐసులో పెట్టి తేవాలి, వేసేది పొద్దున చల్లపూట.

ఇంక సీతాకోకలు. మే నెలలో మన పక్క అవి తక్కువే, అసలు సందడి వానలు పడ్డాకే, అయినా తడి ఉంటే వస్తాయి. నీళ్ళ తొట్టి నుంచి చిన్నగా కారేచోట ఓ గంపంత మేర బురద మాగనివ్వండి, అందులో కాస్త కోళ్ళ పెంట కలిస్తే ఇంకా మంచిది, ఉప్పు సారం కోసం మగవి గుంపులుగా వాలి పీలుస్తాయి. మా ఇంట్లో వాళ్ళకి ఇది అసయ్యం గానీ చూడ్డానికి ముచ్చటగా ఉంటది. ఆ బురదకి మాత్రం కోళ్ళు రాకుండా మోకాలెత్తు వల చాలదు, కోడి ఎగురుద్ది, ఛాతీ ఎత్తన్నా ఉండాలి.

సీతాకోకలు గుడ్లు పెట్టడానికి ఆకు కావాలి. నిమ్మ, కరివేపాకు మీద పెట్టే సీతాకోక మీకు తెలిసిందే, నలుపు మీద పసుపు మచ్చలది. దాని పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటది, పెద్దయ్యాక పచ్చగా మారద్ది, కదిలిస్తే తల వెనక ఎర్ర కొమ్ము లేపి గబ్బు కొడతది. ముదురు చెట్టుకి పది పురుగులు తిన్నా ఏం కాదు, లేత అంటు మొక్కనైతే మోడు చేసేస్తాయి. అందుకని వల లోపల రెండు కరివేపాకు మొక్కలు వాటికని వదిలేసి, అంటుల మీద దొరికినవి ఏరి అక్కడ వేస్తన్నా. మందు కొట్టొద్దు, కొడితే చచ్చిన పురుగు తినేది మన కోడే. కరివేపాకుకి వల కట్టకముందు ఒక పెట్ట వారం రోజుల్లో పదహారు పురుగులు లాగించింది, లెక్కపెట్టుకున్నా.

పురుగుల మీద యావ తీరాలంటే కోళ్ళకి చెదలు పెట్టండి. పాత కుండలో తడిపిన గోనెపట్టా, ఎండుపేడ, కాస్త వరిగడ్డి కుక్కి చెదలున్న గట్టున సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండుద్ది, కోడిపిల్లలకి ఇంతకంటే బలం లేదు.

కంచె బయట జిల్లేడు ఉంటే పీకొద్దు, నారింజరంగు సీతాకోక దాని మీదే పెడతది, ఆ పాలలో విషం పురుగు ఒంట్లోకి చేరుద్ది కాబట్టి పిట్టలు పెద్దగా ముట్టవు. గన్నేరు కూడా అంతే, ఆకు వెనక వెండి జుంకాల్లా వేలాడే గూళ్ళు కనపడితే అవి నల్ల సీతాకోకవి, కాకపోతే గన్నేరు మొత్తం విషం కాబట్టి కోళ్ళకి, పిల్లలకి అందనిచోట ఉంచండి. తేనెకి గడ్డిచేమంతి చాలు, గట్ల మీద దానంతటదే వస్తది, కలుపు అని గీకెయ్యకండి.

ఒక్కటి గుర్తు పెట్టుకోండి, తడి ఉన్నచోటికి పాము కూడా వస్తది, చీకటి పడకముందే కోళ్ళని గూట్లో ఎక్కించి తలుపు కిందున్న సందు ఇటుకతో మూయండి.