ముక్కు గొట్టంతో ఆహారం పెట్టడం: ఇంటికి వెళ్లేముందు నర్సు దగ్గర ఎలా నేర్చుకోవాలి?

పక్షవాతం వచ్చి మింగలేని మనిషిని నెల్లూరు ఆస్పత్రి నుంచి ఉదయగిరి వైపు పల్లెకు తీసుకుపోయాక, అర్ధరాత్రి రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) మూసుకుపోతే పక్కన నర్సు ఉండదు. నేర్చుకోవాల్సింది వార్డులోనే. డిశ్చార్జి రోజు బిల్లుల హడావుడిలో ఏదీ తలకెక్కదు, రెండు రోజుల ముందే అడగండి. ఇంట్లో చూసుకునేది కోడలైతే కొడుక్కి నేర్పి లాభం లేదు.

మొదటిసారి నర్సు చేస్తుంది, మీరు చూడండి. రెండోసారి మీరు చేయండి, ఆమె చెబుతుంది. మూడోసారి ఆమె మాట్లాడకూడదు. మీరే చేస్తూ, ఏది ఎందుకు చేస్తున్నారో పైకి చెప్పాలి. "అర్థమైంది మేడం" అనడం లెక్కలోకి రాదు.

1. సబ్బుతో చేతులు కడుక్కుని, రోగిని 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా దిండ్ల మీద ఆనించండి.

2. ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు, డిశ్చార్జి రోజు రాసుకున్న అంకె ఒకటేనా? నోరు తెరిపించి గొట్టం గొంతులో చుట్టుకుందేమో చూడండి. సిరంజితో మెల్లగా లాగితే వచ్చే కడుపు రసాన్ని పీహెచ్ పట్టీ (పులుపు ఎంతుందో రంగుతో చూపే కాగితం) మీద వేస్తే 5.5 లేదా తక్కువ చూపాలి. గాలి కొట్టి స్టెతస్కోపుతో వినడాన్ని నమ్మొద్దు. గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాంటి శబ్దమే రావచ్చు. అనుమానముంటే ఏమీ పోయొద్దు.

3. గొట్టం నొక్కిపట్టి, పిస్టన్ తీసేసిన 50 మి.లీ. సిరంజి తగిలించండి. ముందు 30 మి.లీ. నీళ్లు, తర్వాత ఆహారం. పెద్దవాళ్లకు మామూలుగా పూటకు 200 నుంచి 250 మి.లీ., కానీ డాక్టరు రాసిందే లెక్క. 15, 20 నిమిషాలు పట్టాలి, పిస్టన్‌తో నెట్టొద్దు. సిరంజి ఖాళీ అయ్యేలోపే మళ్లీ పోస్తే కడుపులోకి గాలి పోదు.

4. చివర 30 మి.లీ. నీళ్లు పోసి మూత పెట్టండి. గంటసేపు పడుకోబెట్టొద్దు.

గొట్టాలు ఎక్కువగా మూసుకుపోయేది వంటింటి వల్లే. రాగిజావ పలుచగా కాచి సన్నటి గుడ్డలో వడగట్టాలి. మాత్రలు ఒక్కోటీ విడిగా మెత్తగా నూరి నీళ్లలో కలపాలి, జావలో కాదు. నెమ్మదిగా కరిగే రకం, పైపూత ఉన్న రకం నూరకూడదు. వాటి బదులు సిరప్ రాయమనండి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉండే మెట్ట ఊళ్లలో ఒక మాట: మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, ఆర్వో లాంటి ఫ్లోరైడ్ తీసే ఫిల్టరు నీళ్లే మరిగించండి.

మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లతో సిరంజి మెల్లగా నెడుతూ లాగుతూ ప్రయత్నించండి. తీగ, పుల్ల దూర్చొద్దు. దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపి, గొట్టం నొక్కి, 108కి ఫోన్ చేయండి.

గొట్టం ఊడొస్తే మీరు తిరిగి పెట్టొద్దు. షుగరు రోగికి ఇన్సులిన్ వేసేముందే గొట్టం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. సూది వేశాక ఆహారం లోపలికి పోకపోతే షుగరు పడిపోతుంది.