వ్యాపార దావా నేర్చుకుందాం – 4: తేదీల పట్టిక

పోయిన పాఠంలో క్లయింటు చేత కాగితాలన్నీ బయటపెట్టించాం. ఇప్పుడు వాటిలోంచి తేదీలు తీయాలి. వ్యాపార దావాల్లో తలపండిన సీనియర్లు ఫైలు విప్పగానే చట్టం పుస్తకం అందుకోరు, తెల్లకాగితం మీద తేదీలు వరసగా రాసుకుంటారు. ఈ వృత్తిలో అసలు పనితనం అక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

ఊహా కేసు ఒకటి తీసుకుందాం. మండపేట రైస్‌మిల్లు యజమాని కాకినాడ ఎగుమతిదారుకి పన్నెండు లక్షల బియ్యం అరువిచ్చాడు. సరుకు 2022 జూన్ 10న అందింది. బిల్లు మీద గడువు 30 రోజులు, అంటే జూలై 10. దావా ఎప్పటిలోగా వేయాలో చెప్పే లిమిటేషన్ చట్టం (1963) 15వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్ల లెక్క అక్కణ్ణించే మొదలు. 2025 జూలై 10 దాటితే బాకీకి కాలదోషం పట్టినట్టే, అంటే దావా వేసే గడువు పోయినట్టే. బిల్లులో గడువు రాయకపోతే 14వ ఆర్టికల్ వర్తిస్తుంది, సరుకు ఇచ్చిన రోజు నుంచే లెక్క. అందుకే బిల్లు అడుగున సన్నటి అక్షరాలు కూడా వదలకండి.

కాగితాలు మళ్లీ తిరగేయండి. ‘మీకు ఇంకా ఎనిమిది లక్షలు ఇవ్వాలి’ అని కొన్నవాడు 2024 మార్చి 5న సంతకం పెట్టిన బ్యాలెన్స్ లెటర్ ఒకటి దొరికిందనుకోండి. లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు, 2027 మార్చి 5 దాకా. ఇలాంటి కాగితాన్ని మిల్లు గుమాస్తా ఏ జీఎస్టీ ఫైల్లోనో పెట్టేసి మరిచిపోతాడు. యజమానిని కాదు, గుమాస్తాని కూర్చోబెట్టి అడగండి.

ప్రతి తేదీ పక్కనా దాన్ని రుజువు చేసే కాగితం పేరు రాయాలి. మిల్లు ఖాతా పుస్తకం ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం (ఇప్పటి సాక్ష్యాల చట్టం) 28వ సెక్షన్ ఆ మాట సూటిగా చెబుతోంది. కాటా చీటీ, ఈ-వే బిల్లు, సరుకు దించుకున్నట్టు సంతకం ఉన్న లారీ రసీదు జతచేయండి. వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు పెడితే ఎలక్ట్రానిక్ రికార్డులకి అదే చట్టం అడిగే 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. దాన్ని దావాతోపాటే వేస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

అభ్యాసం: పై కేసులో ఆ లెటర్ మీద సంతకం 2024 మార్చిలో కాక 2025 ఆగస్టు 1న పడిందనుకోండి. 18వ సెక్షన్ పనికొస్తుందా? కాంట్రాక్టు చట్టం 25(3) చదివి జవాబు రాసుకోండి. వచ్చే పాఠంలో సరిచూసుకుని, దావాకి ముందు జరగాల్సిన మధ్యవర్తిత్వంలోకి వెళదాం.