ఆడిట్ తర్వాత వచ్చిన వర్కర్స్ కాంప్ బిల్లు ఎలా తగ్గింది: నా అనుభవం

అట్లాంటా దగ్గర నాకు చిన్న ఫ్లోరింగ్ వ్యాపారం ఉంది. మనుషులు నలుగురే, కానీ జార్జియాలో ముగ్గురున్నా వర్కర్స్ కాంప్ (పనిలో గాయపడ్డ ఉద్యోగుల కోసం యజమాని తీసుకునే ఇన్సూరెన్స్) తప్పదు. పాలసీ ఏడాది ముగిశాక ప్రీమియం ఆడిట్ (నిజంగా ఇచ్చిన జీతాలను బట్టి ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం మళ్లీ లెక్కకట్టడం) జరిగి, కట్టినదానికి దాదాపు రెట్టింపు బిల్లు వచ్చింది. ఒకటే టెన్షన్.

ఏజెంటుకు ఫోన్లు, పేస్లిప్పులు మళ్లీ పంపడం, కట్టనని భీష్మించడం: ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు ఆడిట్ వర్క్‌షీట్, అంటే వాళ్లు లెక్క వేసిన కాగితం, అడిగి తెప్పించుకున్నాను (అడగనిదే ఇవ్వలేదు!). సబ్‌కాంట్రాక్టర్లకు ఇచ్చిన డబ్బునూ మా జీతాల్లో కలిపేశారని అప్పుడే తెలిసింది. వాళ్లకు సొంత కవరేజీ ఉన్నట్టు నా దగ్గర రుజువు లేదు మరి. ఒక్కొక్కరి నుంచీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ తీసుకున్నాను. అందులో వర్కర్స్ కాంప్ గడి నిండి ఉందా, తేదీలు వాళ్లు మాకు పనిచేసిన రోజులకు సరిపోతున్నాయా అని చూశాను. జనరల్ లయబిలిటీ (బయటివాళ్లకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) ఒక్కటే ఉంటే లాభం లేదు. తర్వాత 1099 ఫారాలతో (సబ్‌కాంట్రాక్టర్లకు ఇచ్చిన డబ్బు చూపే పన్ను ఫారాలు) జతచేసి, సవరణ కోరుతూ రాతపూర్వకంగా పంపాను. ఒకటిన్నర రెట్ల ఓవర్‌టైమ్‌లో అదనపు భాగాన్ని జీతాల లెక్కలోంచి తీసేయమనీ రాశాను.

సవరించిన బిల్లు వచ్చింది. పాలసీ లేని ఒకతని మొత్తం మాత్రం అలాగే ఉంచారు, కట్టేశాను. నియమాలు రాష్ట్రానికో రకం. ఒహాయో, వాషింగ్టన్‌లలో అయితే ఈ ఇన్సూరెన్స్‌ను ప్రభుత్వ నిధే నడుపుతుంది, అక్కడ ఈ దారి పనిచేస్తుందని చెప్పలేను.